ఉచిత మందు ఉందని చెప్పేదెవరు?

2025-26 కేంద్ర బడ్జెట్‌లో పెద్దగా ఎవరూ పట్టించుకోని అంశం ఒకటుంది. మందుల కంపెనీలు పేషెంట్ అసిస్టెన్స్ ప్రోగ్రాముల కింద రోగులకు పైసా తీసుకోకుండా ఇచ్చే కొన్ని మందులకు కస్టమ్స్ (దిగుమతి) సుంకం ఉండదు. ఆ జాబితాలోకి మరో 37 మందుల్ని, 13 కొత్త ప్రోగ్రాముల్ని చేర్చారు. అంటే కంపెనీ చేసే దానంలో కొంత వాటా ఖజానాది, అంటే మనదే. మరి ఆ జాబితాను ఏ ఆస్పత్రి గోడ మీదైనా తెలుగులో చూశారా? మేమైతే చూడలేదు.

ఈ స్కీములన్నీ ఒకేలా ఉండవు. కొన్నింటిలో ఆదాయాన్ని బట్టి మందంతా ఉచితం, కొన్నింటిలో మొదట కొన్ని ప్యాకులు మనం కొనుక్కుంటే ఆ తర్వాతవి కంపెనీ ఇస్తుంది. దరఖాస్తు మీద డాక్టర్ సంతకం, రిపోర్టులు, ఆదాయ సర్టిఫికెట్, కొన్న బిల్లులు అడుగుతారు. మందు పక్కదారి పట్టకుండా వాడేసిన ఖాళీ స్ట్రిప్పులు కూడా తెమ్మనే చోట్లున్నాయి, తెలియక వాటిని చెత్తబుట్టలో పడేస్తే తర్వాత తల పట్టుకోవాల్సిందే. అందుకే ఖరీదైన మందు రాయగానే, మొదటి డబ్బా కొనకముందే, "దీనికి కంపెనీ స్కీమ్ ఏదైనా ఉందా డాక్టర్ గారూ?" అని మొహమాటపడకుండా అడగండి. తన ఫార్మసీలో అమ్ముడుపోయే మందుకు వేరే దారి ఉందని ఆస్పత్రే పిలిచి చెబుతుందనుకోవడం అమాయకత్వం.

అలాగని కంపెనీల దయనే నమ్ముకుని కూర్చోమని మేం అనడం లేదు. బ్లడ్ క్యాన్సర్ మందు గ్లివెక్‌ను నోవార్టిస్ మన దేశంలో వేలమందికి ఉచితంగా ఇచ్చిన మాట నిజం. కొనుక్కునేవాళ్లకు మాత్రం అప్పట్లో అదే మందు నెలకు లక్ష పైమాటే. మన హైదరాబాద్ నాట్కో లాంటి కంపెనీల జెనెరిక్ (అదే మందును వేరే కంపెనీ తక్కువ ధరకు తయారుచేసేది) దాదాపు పది వేలకే దొరికేది. 2013లో సుప్రీంకోర్టు గ్లివెక్‌కు పేటెంట్ (ఒక్క కంపెనీకే తయారుచేసి అమ్మే హక్కు) ఇవ్వడానికి నిరాకరించడంతో ఆ చౌక మందు మార్కెట్లో కొనసాగింది. అంతకు ముందు ఏడాది బేయర్ కంపెనీ క్యాన్సర్ మందు నెక్సావర్ విషయంలోనూ నెలకు 2.8 లక్షలున్న మందును తొమ్మిది వేల లోపే అమ్మేందుకు నాట్కోకు కంపల్సరీ లైసెన్స్ (పేటెంట్ ఉన్న కంపెనీ ఒప్పుకోకపోయినా తయారుచేసేందుకు ప్రభుత్వం ఇచ్చే అనుమతి) దక్కింది. ఏటా కనీసం 600 మంది పేద రోగులకు ఊరికే ఇవ్వాలన్న షరతు కూడా ఆ ఉత్తర్వులోనే పెట్టారు. కంపెనీ తలుచుకుంటే ఆపేయగల స్కీముకీ, ఉత్తర్వులో రాసిపెట్టిన హక్కుకీ ఉన్న తేడా ఇదే.

రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు వెంటనే చేయగల పని ఒకటుంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ ఆస్పత్రుల్లో రోగులకు సాయపడే ఆరోగ్యమిత్రలు, వైద్యమిత్రలు ఎలాగూ ఉన్నారు. సుంకం మినహాయింపు పొందిన ప్రోగ్రాముల జాబితాను తెలుగులో వాళ్ల చేతికిచ్చి, దరఖాస్తు నింపే పని కూడా వాళ్లకే అప్పగించాలి. సుంకం వదులుకున్న కేంద్రం కూడా ఏ కంపెనీ ఏటా ఎంతమందికి మందిచ్చిందో లెక్క బయటపెట్టాలి.