దెయ్యాల కథలు చదివేది నమ్మేవాళ్లు కాదండీ

చెన్నైలో మా వడపళని అపార్ట్‌మెంట్‌లో తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపు ఒకటుంది. అందులో పది రోజుల్లో మూడోసారి అదే ఫార్వర్డ్: దెయ్యాల కథలు చదివేవాళ్లవి మూఢనమ్మకాలట, పిల్లలు పిరికివాళ్లవుతారట, అసలది సాహిత్యమే కాదట, ఇంటింటికీ కరెంటొచ్చాక వాటికి కాలం చెల్లిందట. రెండుసార్లు ఊరుకున్నాను, ఇక నా వల్ల కాదు.

మొదటి మాట పూర్తిగా తలకిందులు. నిజంగా నమ్మేవాళ్లు కథలు చదవరు. మా పెద్దత్త నమ్ముతుంది. స్కూటర్‌కి నిమ్మకాయ, మిరపకాయలు కట్టనిదే బండి కదలనివ్వదు, చీకటి పడ్డాక ఎవరైనా దెయ్యం ఊసెత్తితే "ఈ వేళప్పుడు ఆ మాటలేంట్రా" అని లేచి దేవుడి గదిలోకి పోతుంది. ఇంట్లో పాము దూరిందని తెలిస్తే పాము కథ వింటూ ఎవరు కూర్చుంటారు? లేదని తెలిసీ ఓ పావుగంట వెన్ను జలదరించనివ్వడంలోనే ఉంది మజా అంతా. మా పేటలోనే ఇంకో సాక్ష్యముంది. 1947లో మొదలైన చందమామ దశాబ్దాలపాటు ఈ వడపళని నుంచే వచ్చింది. 1952 నుంచి 1980లో పోయేదాకా దాన్ని నడిపించిన కొడవటిగంటి కుటుంబరావు గారు హేతువాది, మార్క్సిస్టు. నెలనెలా మన ఇళ్లకి బేతాళుణ్ణి పంపించింది ఆయనే మరి!

సాహిత్యం కాదంటారా? పదకొండో శతాబ్దంలో సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలోనే ఉన్నాయి పాతిక బేతాళ కథలు. భుజమ్మీద శవం, ఆ శవం రాజుని అడిగేది మాత్రం న్యాయం గురించి. దీని మీద ఇంతకన్నా వాదించను.

పిల్లల సంగతికొస్తాను. 2015 డిసెంబరు వరదలప్పుడు మేం వేళచ్చేరిలో ఉండేవాళ్లం. కరెంటు లేదు, ఫోన్లు చచ్చిపోయాయి, కింది ఇళ్లవాళ్లంతా రెండో అంతస్తు మెట్ల మీదకి చేరారు, ఎన్ని మెట్లు మునిగాయో పెద్దవాళ్లెవరూ పైకి అనడం లేదు, ఆ నీటి చప్పుడుకి మా ఎనిమిదేళ్లవాడు మాటా పలుకూ లేకుండా బిగుసుకుపోయాడు. అప్పుడు కింది వాటా నెల్లూరు మామ్మగారు కొరివి దెయ్యం కథ మొదలెట్టారు. వాళ్ల తాతని చెరువుగట్టు మీద ఎవరో చుట్టకి నిప్పడిగారట, వంగి చూస్తే పాదాలు వెనక్కి తిరిగి ఉన్నాయట. మావాడు ఒక్కసారిగా "తాత దగ్గర టార్చి లేదా మామ్మా?" అన్నాడు. సాయంత్రం నుంచి వాడు నోరు తెరవడం అదే. నీళ్ల గురించి ఏమడిగినా మా దగ్గర జవాబు లేదు, ఈ భయానికి మాత్రం అడగడానికో మనిషుంది.

జడుసుకునే పిల్లలుంటారు, వాళ్లకి చెప్పకండి. కానీ "నిజంగా జరిగింది, సీసీటీవీలో దొరికింది" అంటూ ఇదే గ్రూపులో తిరిగే వీడియోల మీద ఎవరూ నోరెత్తరెందుకో.

ఇక కరెంటొచ్చాక కాలం చెల్లడం సంగతి. మూడో రోజు రాత్రి లైట్లు వెలిగాయి, మెట్ల మీద అందరూ చప్పట్లు కొట్టారు. మామ్మగారి ఇంకో కథ సగంలో ఉంది. మావాడు లేచి వెళ్లి స్విచ్ ఆపేసి వచ్చి మళ్లీ ఆవిడ పక్కన కూర్చున్నాడు.