దేవుడికి ఎముకలు

మన సంఘం డిసెంబరు కార్యక్రమంలో నక్షత్రం ఉంటుంది, కేకు ఉంటుంది, పిల్లల పశువుల పాక నాటిక ఉంటుంది. ఆ తొట్టిలో పడుకున్నది ఎవరని క్రైస్తవులు నమ్ముతారో మాత్రం ఎవరూ చెప్పరు. "మాకు కృష్ణుడు, మీకు యేసు, అదీ ఒక అవతారమే కదా" అని హిందూ మిత్రులు ప్రేమగానే అంటారు. మావాళ్లు నవ్వి తలూపుతారు. పోట్లాట అక్కర్లేదు గానీ, అసలు సంగతి అక్కడే జారిపోతోంది.

అవతారం యుగయుగానా వస్తుంది. క్రైస్తవుల నమ్మకంలో దేవుడు మనిషిగా పుట్టడం ఒక్కసారే జరిగింది. కుమారుడైన యేసు తండ్రియైన దేవుడితో ఏకస్వభావుడని 325లో నైసియాలో కూడిన క్రైస్తవ మతపెద్దల సభ చెప్పింది. ఆయన పూర్తిగా దేవుడు, పూర్తిగా మనిషి, అయినా ఒక్కడే అని 451లో కాల్సిడన్ సభ తేల్చింది. పనైపోగానే విడిచేసే వేషం కాదది. లూకా సువార్తలో యేసు, చనిపోయి తిరిగి లేచాక కూడా చేతులూ కాళ్లూ చూపించి, కాల్చిన చేప తిన్నాడు. క్రీస్తుకు మనిషి మనసు లేదన్నవాళ్లకు నాలుగో శతాబ్దంలో నజియాంజుకు చెందిన బిషప్ గ్రెగొరీ ఇచ్చిన జవాబు నాకు ఎప్పటికీ ఇష్టం: ఆయన ధరించనిది స్వస్థపడలేదు. అంటే, మనిషిలో ఏ భాగాన్ని క్రీస్తు తనదిగా తీసుకోలేదో అది బాగుపడలేదని.

ఇప్పుడు మా నల్లగొండకు రండి. మర్రిగూడ వైపు బోరునీళ్లలోని ఫ్లోరైడ్ పళ్లకు గార పట్టించింది, వెన్నెముకలు వంచేసింది. ఆ నీళ్లను పటికతో, సున్నంతో శుద్ధి చేసే పద్ధతికి 'నల్గొండ టెక్నిక్' అనే పేరే పడింది. ఇలాంటి పేరు ఏ ఊరికి కావాలి! నడుము వంగిపోయిన ముసలమ్మకు "శరీరం మట్టిదే, ఆత్మను చూసుకో" అని చెప్పే బోధకుడు క్రిస్మస్‌ను సగమే చదివాడంటాను. సిలువ మీద "దప్పిగొనుచున్నాను" అన్నవాడికి నీళ్లు చిన్న సంగతా?

ఈ విశ్వాసం ఇక్కడ ఎక్కువగా మాల, మాదిగ వాడల్లోనే వేళ్లూనింది. దొర గడి ముందు చెప్పులు విప్పి చేత పట్టుకుని నడిచిన తాతలకు, వడ్రంగి పని చేసి బతికినవాడు, కుష్ఠురోగిని చేత్తో ముట్టుకున్నవాడు దేవుడని వినడం ఎలా ఉండి ఉంటుందో! మిషనరీల పనులన్నీ వెనకేసుకు రాను. కానీ పాలమూరులో మెన్నొనైట్ బ్రెదరెన్ అనే మిషనరీ సంస్థ గుడితో ఆగకుండా జడ్చర్లలో ఆసుపత్రి కూడా పెట్టింది. ఈ సిద్ధాంతాన్ని నమ్మినవాళ్లు చేయాల్సిన పనే అది.

ఇలా మాట్లాడితే పాపక్షమాపణ పక్కకు పోతుందని కొందరు పాస్టర్లకు భయం. గ్రెగొరీ మాట్లాడింది రక్షణ గురించే. ఆ రక్షణలోంచి ఒంటిని తీసేయకండి అనే నేనూ అంటున్నది.

వచ్చే డిసెంబరులో నాటిక అయ్యాక ఒక పది నిమిషాలు దీనికి ఇవ్వండి. హిందూ మిత్రులు ఒప్పుకోకపోవచ్చు, ముస్లిం మిత్రులు సూటిగానే కాదంటారు. అననివ్వండి, అక్కడ మొదలయ్యే మాటలు తలూపుడు కంటే నయం.