నగరం ఎక్కడికీ పోలేదు, మనమే ఖాళీ చేశాం

ఒకప్పుడు తాము బతికిన నగరానికి కెమెరాతో తిరిగెళ్ళేవాళ్ళ ఫొటోలు చూస్తే ఈమధ్య ఒళ్ళు మండుతోంది. పెచ్చులూడిన గోడ, తాళం వేసిన తలుపు, మెట్ల మీద ఒంటరి ముసలాయన. అన్నీ బ్లాక్ అండ్ వైట్‌లోనే. కింద "నా నగరం ఇప్పుడు లేదు" అని ఒక నిట్టూర్పు. లేకపోవడమేంటండీ? ఆ ముసలాయన పక్కనే మనవడు ఫోన్ చూసుకుంటూ పగలబడి నవ్వుతూ ఉండుంటాడు. వాణ్ణి కత్తిరించేసి ఉంటారు.

నేనూ నా పాత వీధుల్లో ఫోన్ పట్టుకుని తిరుగుతాను. తెలిసిన కిటికీ కనిపిస్తే వేళ్ళు వాటంతటవే జూమ్ చేయబోతాయి, నాకు తెలుసు. చేయకండి. చాలా ఫోన్ల మెయిన్ కెమెరా 24-26 ఎంఎం లెన్స్‌లా వెడల్పుగా చూస్తుంది. దాన్నలాగే వదిలేస్తే కొత్త బోర్డులు, అడ్డంగా పెట్టిన బళ్ళు, వేలాడే కేబుళ్ళు, మనకు ముక్కూమొహం తెలియని జనం అందరూ ఫ్రేములోకి వచ్చేస్తారు. రానివ్వండి, ఇప్పుడు ఆ వీధి వాళ్ళదే.

యూజీన్ అట్జే అనే ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ 1890ల చివరి నుంచి 1927లో చనిపోయేదాకా బరువైన చెక్క కెమెరా, గాజు ప్లేట్లు మోసుకుంటూ పాత పారిస్‌ని తీశాడు. కనుమరుగయ్యే వీధుల కోసమే తిరిగాడు, నిజమే. కానీ ఆ మనిషే 1920ల్లో బట్టల దుకాణాల అద్దాల వెనక నిలబెట్టిన బొమ్మల్నీ తీశాడు. అప్పటికవి తాజా సరుకు! ఇవాళ జనం ఆగి మరీ చూసే ఆయన ఫొటోల్లో అవీ ఉన్నాయి.

ఇంకోటి. "నేనిక్కడివాణ్ణే" అనే ధీమాతో మనుషుల మొహాల మీదకి కెమెరా పెట్టేస్తారు కొందరు. ఆ చనువు ఇల్లు ఖాళీ చేసిన రోజే పోయింది. ఎవరైనా వద్దంటే వాళ్ళ ముందే డిలీట్ చేసి, నవ్వి, ముందుకు నడవడమే. పిల్లల్నయితే పెద్దవాళ్ళని అడక్కుండా అసలు తీయకూడదు.

ఇక ఆ వింటేజ్ ఫిల్టర్! నిన్న తీసినదాన్ని 1970ల నాటిదిలా మార్చడం నాకు దొంగ సర్టిఫికెట్ పుట్టించినట్టే ఉంటుంది. రంగులు ఉండనివ్వండి, వీధి పేరూ తేదీ రాసుకోండి. నలుపూ తెలుపూ చేయకపోతే నిద్రపట్టదంటే కాపీ తీసి దాని మీద చేసుకోండి, ఒరిజినల్ జోలికి పోకండి.