కొలంబియా కూలిన ఆ గంటల్లో జనం ఏం నమ్మారు, ఏం చేశారు

2003 ఫిబ్రవరి 1, శనివారం. మన గడియారం ప్రకారం రాత్రి 7.46కి అమెరికా అంతరిక్ష నౌక (స్పేస్ షటిల్) కొలంబియా ఫ్లోరిడాలో దిగాలి. అందులో తిరిగొస్తున్న కల్పనా చావ్లా కర్నాల్‌లో చదివిన బడిలో పిల్లలు సంబరాలకు సిద్ధమై ఉన్నారు. ఏడున్నరకే హ్యూస్టన్‌లోని నాసా నియంత్రణ కేంద్రానికి నౌకతో సంబంధాలు తెగిపోయాయి. టీవీల్లో మొదట తెలిసింది ఆ ఒక్క ముక్కే. ‘సంబంధాలు తెగాయి’ అంటే మళ్లీ కలుస్తాయేమోనన్న ఆశ ఎవరికైనా ఉంటుంది.

కానీ తిరిగొచ్చే షటిల్‌కు ఆలస్యంగా రావడం అంటూ ఉండదు. వాతావరణంలోకి దిగాక ఇంజన్లు నడిపి ఎగిరే వీలు దానికి లేదు, గ్లైడర్‌లా జారుతూ రావాల్సిందే. రన్‌వే తప్పితే ఇంకో చుట్టు తిరిగి రాలేదు. కాబట్టి 7.46 దాటాక నౌక కనిపించలేదంటే అది ఇక లేదనే అర్థం. ఈ ఒక్క వాక్యం ముందే వివరించి ఉంటే, ఎంతోమంది గంటల తరబడి తీరని ఆశ పట్టుకుని కూర్చునేవారు కాదు. నౌకలోని ఏడుగురిలో ఎవరూ బతికి లేరని అధ్యక్షుడు బుష్ టీవీలో ప్రకటించేసరికి మనకు అర్ధరాత్రి దాటింది.

ఈ ఖాళీలోనే పుకార్లు పుట్టాయి. సెప్టెంబరు 11 దాడులు జరిగి ఏడాదిన్నర కూడా కాలేదు. నౌకలో తొలి ఇజ్రాయెల్ వ్యోమగామి ఇలాన్ రామోన్ ఉన్నారు. ఉగ్రవాదుల పనేనన్న అనుమానం రావడానికి ఆ రెండూ చాలు. నౌక విడిపోయింది 60 కిలోమీటర్ల ఎత్తున, ధ్వని కంటే సుమారు 18 రెట్ల వేగంతో వెళ్తుండగా. భుజాన పెట్టి పేల్చే క్షిపణి నాలుగైదు కిలోమీటర్లకు మించి పోదు. అధికారులు ఈ సంగతి ఆ రోజే చెప్పారు, అనుమానం చాలావరకు సద్దుమణిగింది. ఉపగ్రహం తీసిన పేలుడు ఫొటోలంటూ ఈమెయిళ్లలో తిరిగినవి మాత్రం చాలాకాలం తిరిగాయి. అవి ఒక హాలీవుడ్ సినిమా దృశ్యాలు.

జనానికి ఏమీ తెలియదని తీర్పు చెప్పడం తేలిక. అమెరికాలో ఆ ఉదయం జరిగింది చూస్తే అలా అనలేం. ఫ్లోరిడా కాలమానం ప్రకారం ఉదయం 8.53కి (మనకు రాత్రి 7.23) నౌక కాలిఫోర్నియా తీరం దాటింది. అక్కడ ఇంకా తెల్లారకముందే లేచి, కెమెరాలతో ఆకాశం చూస్తున్నవాళ్లకు ఆ వెలుగు గీత నుంచి ముక్కలు రాలడం కనిపించింది. సరిగ్గా అదే సమయానికి హ్యూస్టన్ తెరల మీద ఎడమ రెక్కలోని ఉష్ణోగ్రత సెన్సర్లు ఒక్కొక్కటిగా మూగబోతున్నాయి. నౌక ముక్కలవుతోందని అక్కడ ఎవరికీ తెలియదు. టెక్సస్ ఆకాశంలో అది విరిగిపోతున్న దృశ్యం టీవీలో వచ్చిందని ఫోన్ ద్వారా తెలిశాకే ఫ్లైట్ డైరెక్టర్ లెరాయ్ కెయిన్ తలుపులు మూయించి, సమాచారం చెదరకుండా భద్రపరచమన్నారు. 9.12కి, అంటే మాట ఆగిన సుమారు పదమూడు నిమిషాల తర్వాత.

తర్వాత ఆ వీడియోలే సాక్ష్యాలయ్యాయి. ఎక్కడ నిలబడి తీశారు, ఫ్రేములో ఏ గ్రహం, ఏ భవనం కనిపిస్తోంది అన్నవి కలిపి చూస్తే ఏ ముక్క ఏ సెకనుకు ఊడిందో లెక్క కట్టొచ్చు. వాటి వల్లే నౌక టెక్సస్ చేరకముందే చెదరడం మొదలైందని తేలింది.

తూర్పు టెక్సస్‌లో పొలాల్లో, పెరళ్లలో శకలాలు పడ్డాయి. నాసా ఇచ్చిన సూచన సూటిగా ఉంది: ముట్టుకోవద్దు, పడిన చోటు గుర్తుంచుకోండి, పోలీసులకు చెప్పండి. ట్యాంకుల్లో మిగిలిన హైడ్రజీన్ జాతి ఇంధనం ఒంటికి తగిలినా, పీల్చినా ప్రమాదమే. పైగా ముక్కను కదిలిస్తే అది పడిన చోటు చెరిగిపోతుంది, ఏ ముక్క ముందు ఊడిందో చెప్పే ఆధారం పోతుంది. వేలంలో అమ్ముకోబోయినవాళ్లూ ఉన్నారు, అది సిగ్గుచేటే. కానీ కాపలా కాసినవాళ్లు, వెతికేవారికి వండి పెట్టినవాళ్లు, అడవుల్లో వరుసకట్టి నడిచినవాళ్లు వేలల్లో ఉన్నారు. చివరికి దాదాపు 84,000 శకలాలు, బరువులో చూస్తే నౌకలో 38 శాతం దొరికింది.

పుకార్లు పుట్టించినవాళ్లే కాదు, పెద్దలూ తొందరపడ్డారు. షటిల్ కార్యక్రమ మేనేజరు రాన్ డిట్టెమోర్ ఫిబ్రవరి 5న, బయటి ఇంధన ట్యాంకుకు తొడిగిన ఫోమ్ మూల కారణమనడం తమకు పొసగడం లేదన్నారు. అంత తేలికైన పదార్థం రెక్కను ఎలా పగలగొడుతుందన్నది సామాన్యుడి సందేహం కూడా. కిటుకు ఆ తేలికదనంలోనే ఉంది. జనవరి 16న ప్రయోగమైన 82వ సెకనుకు ట్యాంకు నుంచి ఊడిన ముప్పావు కిలో ముక్క గాలి తగిలి క్షణంలో మందగించింది. వెనక నుంచి వేగంగా వస్తున్న రెక్క దాన్ని గంటకు సుమారు 800 కిలోమీటర్ల తేడాతో గుద్దుకుంది. జూలై 7న శాన్ ఆంటోనియోలో అంతే బరువున్న ఫోమ్‌ను అంతే వేగంతో, రెక్క ముందంచున ఉండే కార్బన్ ప్యానెల్‌కేసి పేలిస్తే 40 సెంటీమీటర్ల కన్నం పడింది. తిరిగొచ్చేటప్పుడు వేడి గాలి రెక్కలోకి చొరబడింది అలాంటి కన్నంలోంచే.

‘ఏం జరిగింది’ అన్నది గంటలో చెప్పొచ్చు. ‘ఎందుకు జరిగింది’ అన్నదానికి నెలలు పడుతుంది. ఈ రెంటినీ కలిపేయడమే ఆ రోజు జరిగిన అసలు నష్టం. కల్పన మరణం మనకు ఇంటి విషాదమైంది. ఆమె పోయిన నాలుగు రోజులకు ప్రధాని వాజ్‌పేయి, శ్రీహరికోట నుంచి 2002లో వెళ్లిన వాతావరణ ఉపగ్రహం మెట్‌శాట్‌కు కల్పన–1 అని పేరు పెట్టారు. అదే తీరం నుంచి గగన్‌యాన్‌లో మన మనుషులు వెళ్లబోతున్నారు. దారిలో ఏదైనా తేడా వస్తే ముందు చూసేది పులికాట్ తీరపు మత్స్యకారులే కావచ్చు. ఏ నంబరుకు ఫోన్ చేయాలి, నీళ్లలో తేలే ముక్కకు ఎంత దూరంలో ఉండాలి, వీడియోను ఫార్వర్డ్ చేయకుండా అసలు ఫైలు ఎవరికి ఇవ్వాలి: ఈ మూడూ తెలుగులో, ప్రయోగానికి ముందే ఆ ఊళ్ల గోడల మీద ఉండాలి.