తడబాట్లన్నీ ఒకటి కావు

చదవడంలో తడబడే పిల్లల గురించి ఒక వ్యాసం చదివాను. అలాంటి పిల్లల చేత తరగతిలో రోజూ గట్టిగా చదివించాలని ఆ వ్యాసంలో చేసిన సూచన మంచిదే గాని, ఆ తడబాటుకు కారణమేమిటో ముందుగా తెలుసుకోవాలన్న మాట కూడా అందులో ఉండవలసింది. అక్షరాలు కూడబలుక్కునే పిల్లవాడు కొత్త పదం దగ్గర ఆగుతాడు. అదే పదం మళ్లీ మళ్లీ ఎదురైతే కాస్త తేలిగ్గా దాటుతాడు. నత్తి ఉన్న పిల్లవాడు మాత్రం బాగా తెలిసిన పదం దగ్గరే 'ప... ప... పలక' అంటూ పెదవులు బిగుసుకుపోయి నిలిచిపోతాడు. ఒక్కోసారి తన పేరు చెప్పడమే గగనమవుతుంది. నిమిషానికి ఎన్ని పదాలు చదివారో లెక్కించే పరీక్షలో ఇద్దరికీ ఒకే మార్కు పడవచ్చు, అది నాకు అన్యాయంగా తోస్తుంది. చదివినదాని మీద ప్రశ్నలు వేసి, జవాబు రాసి చూపించనిస్తే తేడా చాలావరకు బయటపడుతుంది.

నత్తి సాధారణంగా 2 నుంచి 5 ఏళ్ల మధ్య మొదలై, చాలామందిలో దానంతటదే తగ్గిపోతుంది. అయితే బడి వయసులోనూ కొనసాగుతుంటే స్పీచ్ థెరపిస్టును కలవడంలో జాప్యం తగదు. అక్షరాలు కూడబలుక్కునే మొదటి పిల్లవాడికి ఒకే పేరాను పెద్దల తోడుతో పలుమార్లు చదవడం మేలు చేస్తుంది. నత్తి ఉన్న రెండోవాడు పక్కవారితో గొంతు కలిపి చదివినప్పుడు తడబాటు బాగా తగ్గుతుంది కాబట్టి, అతణ్ణి ఒంటరిగా నిలబెట్టకుండా జంటగా చదివించమని ఉపాధ్యాయులను వేడుకుంటున్నాను.