శాతం తగ్గితే సొంతమైపోతుందా?

అసైన్‌మెంట్ ఇచ్చేముందు విద్యార్థులకు ఉండే టెన్షన్ ఒక్కటే: తమ రాత ఇతరుల రాతలతో ఎంత శాతం పోలుతోందని సాఫ్ట్‌వేర్ చూపిస్తుందో అని. ఎక్కువ వస్తే మాటలు మారుస్తారు, వాక్యాలు అటూ ఇటూ తిప్పుతారు, మళ్లీ చెక్ చేస్తారు. అంకె తగ్గగానే ఊపిరి పీల్చుకుంటారు. ఇది చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. వాళ్లకు అలా అలవాటు చేసింది పాఠాలు చెప్పే మనమే.

టర్నిటిన్ లాంటి సాఫ్ట్‌వేర్ పోలికలు వెతుకుతుంది, అంతే. చౌర్యమో కాదో తేల్చాల్సింది చదివే మనిషి. కొటేషన్ గుర్తులు పెట్టి, ఎవరి మాటలో చెప్పిన పేరా కూడా, సెట్టింగుల్లో మినహాయించకపోతే, ఆ శాతంలో చేరిపోతుంది. వేరొకరి వాదన మొత్తాన్ని ఎత్తుకుని ప్రతి మాటా మార్చి రాస్తే అంకె దాదాపు సున్నాకు దిగొచ్చు. అంటే నిజాయతీగా రాసినవాడు భయపడుతుంటే, ఎత్తిరాసినవాడు నిశ్చింతగా ఉంటాడు.

ఒకటో శతాబ్దంలో రోమన్ కవి మార్షల్, తన పద్యాలను సొంతమని చెప్పుకున్నవాడిని 'ప్లేజియారియస్' అన్నాడు. మనుషుల్ని ఎత్తుకుపోయేవాడని ఆ మాటకు అర్థం. ఇతరుల రాతను తమదిగా చెప్పుకోవడానికి వాడే ప్లేజియరిజం అనే మాట వచ్చింది అందులోంచే. మాటలెన్ని మార్చినా, ఆ ఆలోచన వెనకున్న మనిషిని మాయం చేస్తే అది ఎత్తుకుపోవడమే.

అయితే కాపీ కొట్టాలనే కూర్చునేవాళ్లు నాకు తక్కువే కనిపించారు. పొరపాటు నోట్స్ దగ్గర మొదలవుతుంది. పుస్తకంలోంచి నాలుగు వాక్యాలు ఉన్నదున్నట్టు దించుకుంటారు, పేజీ నంబరు వేసుకోరు. మూడు వారాలయ్యాక అవి తమవే అనిపిస్తాయి. కానీ అది పొరపాటని ఎవరు నమ్ముతారు? 2011లో జర్మనీ రక్షణమంత్రి గుటెన్‌బర్గ్ డాక్టరేట్ థీసిస్‌లో ఆధారం చెప్పని భాగాలు బయటపడ్డాయి. చూసిన ఆధారాల లెక్క తప్పి ఉండొచ్చని ఆయన చెప్పుకున్నారు. డాక్టరేట్ రద్దయింది, మంత్రి పదవి పోయింది. ఆ తర్వాత యూనివర్సిటీ విచారణలో అది కావాలని చేసిందేనని తేల్చారు.

అందుకే నోట్స్‌లో ఇతరుల మాటలు ఒక రంగులో, మన మాటలు ఇంకో రంగులో ఉండాలి. పేజీ నంబరు అప్పటికప్పుడే వేసుకోవాలి. చదివాక పుస్తకం మూసి రాయండి, తర్వాత తెరిచి సరిచూసుకోండి. సొంత మాటల్లో రాసినా ఆలోచన ఎవరిదో చెప్పాల్సిందే. గత సెమిస్టర్‌లో మీరే రాసినదాన్ని లెక్చరర్‌కు చెప్పకుండా మళ్లీ ఇవ్వడం కూడా తప్పే.

చాట్‌జీపీటీ వచ్చాక అంకెల మీద మోజు ఇంకా పెరిగింది. ఏఐ రాతను గుర్తుపట్టడానికి, చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ స్వయంగా తెచ్చిన టూల్‌ను, కచ్చితత్వం చాలడం లేదని 2023 జులైలో ఆ సంస్థే తీసేసింది. అలాంటి టూల్ మాట పట్టుకుని ఒక విద్యార్థిని దోషిగా నిలబెట్టడం అన్యాయం. పది నిమిషాలు ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఈ వాదన ఎలా తట్టింది, ఇక్కడ ఈ ఉదాహరణే ఎందుకు తీసుకున్నావు అని అడగండి. నోట్స్, మొదటి డ్రాఫ్ట్ చూపించమనండి, వాటికీ కొన్ని మార్కులు పెట్టండి. తానే రాసినవాళ్లు ఆ పది నిమిషాలూ ఉత్సాహంగా మాట్లాడతారు.