ఢిల్లీ వద్దన్న పాట, సిలోన్ వినిపించిన పాట

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో పాతతరం వాళ్లను కదిపితే సిలోన్ (నేటి శ్రీలంక) స్టేషన్ కోసం రేడియో ముల్లు ఎక్కడ ఆపాలో ఇప్పటికీ చెబుతారు. పోస్టాఫీసులో రేడియో లైసెన్సు కట్టింది మన సర్కారుకు, పాటలు విన్నది సముద్రం అవతలి నుంచి. అదంతా షార్ట్‌వేవ్ మహిమ అంటారు గానీ, అది సగం నిజమే.

కొలంబోకు ఉత్తరాన ఏకలలో బ్రిటిష్ వాళ్లు ట్రాన్స్‌మిటర్ పెట్టింది సినిమా పాటల కోసం కాదు, రెండో ప్రపంచ యుద్ధంలో ఆగ్నేయాసియాలో ఉన్న తమ సైనికుల కోసం. యుద్ధం ముగిశాక ఆ 100 కిలోవాట్ల కేంద్రం సిలోన్ ప్రభుత్వం చేతికొచ్చింది. షార్ట్‌వేవ్ తరంగాలు పైన అయనోస్ఫియర్ అనే వాతావరణపు పొరకు తగిలి కిందికి మళ్లుతాయి. అందుకే కాస్త గరగరతోనైనా దేవరకొండలో, అచ్చంపేటలో పలికేది.

మన శ్రోతల్ని దానికి అప్పగించింది మాత్రం ఢిల్లీయే. 1952లో సమాచార, ప్రసార శాఖ మంత్రి అయిన బి.వి. కేస్కర్‌కు సినిమా పాటలంటే చిన్నచూపు. ఆకాశవాణిలో వాటికి కోత పెట్టారు, ఆపై నిర్మాతలతో పేచీ వచ్చి అవి దాదాపు మాయమయ్యాయి. ఆ ఏడాది చివర్లోనే సిలోన్‌లో అమీన్ సయానీ హిందీ సినిమా పాటల కార్యక్రమం ‘బినాకా గీత్‌మాలా’ మొదలైంది. బొంబాయిలో రికార్డు చేసిన టేపులు విమానమెక్కి కొలంబో వెళ్లేవి, అక్కణ్నుంచి మళ్లీ మన ఇళ్లకే వచ్చేవి. పాట మనది, గొంతు మనది, ప్రకటనల రాబడి వాళ్లది! తెలుగు పాటలకైతే మీనాక్షి పొన్నుదురై గొంతు ఉండనే ఉంది.

1957 అక్టోబర్ 3న ఆకాశవాణిదే పాటల కేంద్రం వివిధ భారతి వచ్చింది. 1967 నుంచి ప్రకటనలూ తీసుకుంది. తర్వాత క్యాసెట్లు, టీవీ. 1989లో గీత్‌మాలా కూడా వివిధ భారతికే మారింది. సిలోన్‌ను టీవీ చంపేసిందనే మాట నాకు ఒప్పుదల కాదు. దాని బలమంతా సినిమా పాట వద్దన్న ఢిల్లీ పట్టుదలలోనే ఉంది. ఢిల్లీ మెత్తబడ్డ రోజు నుంచే దానికి దిగుదల మొదలైంది.

2023 ఏప్రిల్‌లో దేశమంతటా ఒకేసారి ప్రారంభించిన 91 ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్లలో నల్లగొండ, దేవరకొండవీ ఉన్నాయి. ఒక్కోటి 100 వాట్లు, అంటే ఏకల దానిలో వెయ్యో వంతు. మాట స్పష్టంగా వస్తుంది, కాదనను. అయితే ఊరు దాటి పదిహేను, ఇరవై కిలోమీటర్లు పోతే పట్టు దొరకడం కష్టం. పైగా ఇలాంటి చిన్న కేంద్రాల పని ఎక్కడో తయారైన కార్యక్రమాన్ని రిలే చేయడమే. కృష్ణ ఒడ్డు తండాల లంబాడీ పాటకో, పాలమూరు వలస కూలీల కబుర్లకో రోజూ ఓ గంట ఇచ్చి చూస్తే, జనం రేడియో వినడం మానేశారా, వినేదేమీ లేక కట్టేశారా అన్నది ఏడాదిలో తేలిపోతుంది.